పైరవీ ఎక్కడ మొదలవుతుంది: స్పెషలిస్టు డాక్టర్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే ఉద్యోగం

సంక్రాంతికి సోంపేట దగ్గర మా పెద్దమ్మ ఇంటికి అమెరికా నుంచి మనవరాలు, నాకు మేనకోడలు, వచ్చింది. వాషింగ్టన్‌లో కిడ్నీ డాక్టర్ల సంఘం ఒకదానిలో పనిచేస్తోంది. డాక్టరు కాదు, నర్సు కాదు, సాఫ్ట్‌వేరూ కాదు. "గవర్నమెంట్ రిలేషన్స్" అంటే అరుగు మీద కూర్చున్న నలుగురికీ బోధపడలేదు. డాక్టర్ల తరఫున ప్రభుత్వం దగ్గరికెళ్లి మాట్లాడటమే పని, దానికే జీతం అని విడమరిచి చెప్పింది. పెద్దమ్మ చేటలోని బియ్యంలోంచి తల ఎత్తకుండానే, "ఏటే గుంటా, ఇంత సదువూ సదివి పైరవీలు సేస్తన్నావేటి?" అంది.

అందరం నవ్వేశాం. కానీ ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పడం కష్టం. 2025 అక్టోబర్‌లో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం పిలుపు మీద నెట్‌వర్క్ ఆసుపత్రులు తమకి రావాల్సిన బకాయిల కోసం ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కేసులు తీసుకోవడం ఆపేసినప్పుడు మన జిల్లాల్లోనూ జనం ఇదే అడిగారు. వీళ్లు న్యాయంగా రావాల్సింది అడుగుతున్నారా, ప్రభుత్వం మెడ మీద కత్తి పెట్టారా అని. సంఘం పెట్టుకుని, మనుషుల్ని పెట్టుకుని ప్రభుత్వ నిర్ణయాల్ని తమవైపు తిప్పుకోవడంలో ఎంతవరకు హక్కు, ఎక్కణ్ణుంచి తప్పు? ముందు మాటల చిక్కు విప్పుకుంటే ఆ తర్వాతి సంగతులు తేలికవుతాయి.

ఒకే మాట కింద మూడు పనులు

పైరవీ అన్న మాట మనకి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలార్థం వెంట నడవడం. ఉర్దూ, హిందీల్లో ఇప్పటికీ కోర్టులో కేసు నడపడాన్ని పైర్వీ అంటారు, అందులో తప్పుడు వాసనేమీ లేదు. తెలుగులోకి వచ్చేసరికి బదిలీ కోసం ఎమ్మెల్యే లెటరు, బిల్లు కోసం మంత్రి పేషీ చుట్టూ ప్రదక్షిణలు లాంటివన్నీ దానికి అంటుకున్నాయి. పైరవీకారు అంటే తిట్టయిపోయింది.

ఈ ఒక్క మాట కింద మనం మూడు వేర్వేరు పనుల్ని కుక్కేశాం. మొదటిది వినతి. మన కష్టం మనమే వెళ్లి చెప్పుకోవడం. రెండోది లాబీయింగ్. లాబీ అంటే చట్టసభ హాలు బయటి నడవా. సభ్యులు లోపలికి వెళ్తూ వస్తూ ఉంటే అక్కడ కాచుకుని, ఒక వర్గం తరఫున వాళ్లకి విషయం చెప్పి ఒప్పించే పనికి ఆ పేరు స్థిరపడింది. వినతికీ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ మాట్లాడేవాడు వేరు, లాభపడేవాడు వేరు, మధ్యలో జీతమో ఫీజో ఉంటుంది. వకీలుకీ కక్షిదారుకీ ఉన్న సంబంధం లాంటిదే, కాకపోతే జడ్జి స్థానంలో మంత్రో, ఎంపీయో, కార్యదర్శో ఉంటారు. మూడోది లంచం. డబ్బో మరో లాభమో ముట్టజెప్పి పని చేయించుకోవడం.

మూడోదానికి మన దగ్గర చట్టం ఉంది. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018లో సవరించాక ఇచ్చేవాడి మీదా నేరుగా కేసు పెట్టొచ్చు. సొంత పలుకుబడితో అధికారిని ప్రభావితం చేస్తానని చెప్పి డబ్బు పుచ్చుకునే మధ్యవర్తికి అందులో 7ఏ అనే సెక్షనే ఉంది. మొదటిదానికి రాజ్యాంగం ఇచ్చిన వాక్‌స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే హక్కు అండగా ఉన్నాయి. మధ్యదానికి మాత్రం మన దేశంలో చట్టమూ లేదు, రిజిస్టరూ లేదు. అందుకే పెద్దమ్మ దాన్ని మూడోదాని గాటన కట్టేసింది. ఆమె తప్పేం లేదు.

వాషింగ్టన్‌లో ఇది చిట్టా రాసే ఉద్యోగం

అమెరికాలో ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు రాజ్యాంగపు మొదటి సవరణలోనే ఉంది. దాని నీడలోనే ఈ వృత్తి పెరిగింది. 1995లో వచ్చిన లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం, ఒక క్లయింటు కోసం చేసే పనిలో ఐదో వంతు, అంతకు మించి లాబీయింగే అయితే, ఖర్చు ఒక పరిమితి దాటితే, పేరు నమోదు చేసుకోవాలి. మూడు నెలలకోసారి ఎవరి తరఫున, ఏ బిల్లు గురించి, ఏ సభతో, ఏ శాఖతో మాట్లాడారో, ఎంత ఖర్చయిందో రాసివ్వాలి. ఆ కాగితాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఎగ్గొడితే జరిమానా రెండు లక్షల డాలర్ల దాకా పడొచ్చు. 1847లో పుట్టిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ పని మీద ఏటా రెండు కోట్ల డాలర్లకి అటూఇటూగా ఖర్చు చేస్తుందన్న సంగతి ప్రపంచానికి తెలిసేది ఆ కాగితాల వల్లే.

మరి అందరు డాక్టర్లకీ ఒక సంఘం ఉండగా కిడ్నీ వాళ్లకొకటి, కంటి వాళ్లకొకటి, ఎక్స్‌రే వాళ్లకొకటి ఎందుకు? ఎందుకంటే డబ్బు దగ్గర వీళ్లవి ఉమ్మడి కాపురాలు కావు.

అక్కడ ముసలివాళ్ల వైద్యానికి ప్రభుత్వం మెడికేర్ పేరుతో డబ్బిస్తుంది. డాక్టరు చేసే ప్రతి పనికీ కొన్ని పాయింట్లు. ఒక్కో పాయింటుకీ ఇన్ని డాలర్లని ఏటా ఒక రేటు. ఏ పనికి ఎన్ని పాయింట్లో సిఫారసు చేసేది మెడికల్ అసోసియేషన్ నడిపే కమిటీ, అందులో ఎక్కువమంది స్పెషలిస్టు సంఘాల ప్రతినిధులే. పాయింట్లు పెంచినప్పుడు మొత్తం ఖర్చు ఒక హద్దు దాటితే, పాయింటు రేటు తగ్గించి లెక్క సరిచేయాలని చట్టం.

రూపాయల్లో వేసి చూద్దాం. కుండలో 100 కోట్లున్నాయి. పేషెంటుని చూసి మందు రాసే వాళ్లకి 60, కోత పెట్టేవాళ్లకి 40. చూసే పనికి 10 శాతం పెంచితే అది 66 అవుతుంది, మొత్తం 106. కుండలో ఉన్నది 100 కాబట్టి అందరికీ సమానంగా కోస్తే చూసేవాళ్లకి 62 కోట్ల 30 లక్షలు దక్కుతాయి, కోసేవాళ్లకి 37 కోట్ల 70 లక్షలు. సర్జన్ల రేటు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అయినా వాళ్ల జేబులోంచి రెండు కోట్లకి పైగా పోయాయి.

ఇది నిజంగా జరిగింది. 2021 రేట్లలో పేషెంటుని చూసే పనికి విలువ పెంచారు, పాయింటు రేటు పదో వంతు పడిపోయింది. సర్జన్ల, రేడియాలజిస్టుల సంఘాలు గోల చేస్తే 2020 డిసెంబర్‌లో అమెరికా చట్టసభ ఆ ఏడాదికి 3.75 శాతం కలిపి దెబ్బ తగ్గించింది. ఆ పెంపులో కిడ్నీ డాక్టర్లు లాభపడ్డ వైపున్నారు. ఒకే వృత్తిలో, ఒకే ఏడాది, ఒకరి లాబీయిస్టు గెలిస్తే ఇంకొకరి లాబీయిస్టు ఓడతాడు. స్పెషాలిటీకొక సంఘం, సంఘానికొక మనిషి ఎందుకో ఇక చెప్పక్కర్లేదు.

రోజు మొత్తం చేసేది ఏమిటని మా మేనకోడల్ని అడిగాను. "ఎక్కువ చదవడమే మావయ్యా" అంది. జూలై నాటికి వచ్చే రేట్ల ముసాయిదా వందల పేజీలుంటుంది. అభ్యంతరాలకి అరవై రోజులు. అది చదివి, తమ డాక్టర్లకి ఎక్కడ దెబ్బో పట్టుకుని, లెక్కలతో జవాబు రాయాలి. మిగతా కాలం సభ్యుల ఆఫీసుల్లో గడుస్తుంది. అక్కడ సభ్యుడు దొరకడు, పాతికేళ్ల సహాయకుడు పావుగంట ఇస్తాడు. ఆ పావుగంట తర్వాత బల్ల మీద వదిలివచ్చే కాగితం ఒకటి ఫోన్లో చూపించింది. ఒకటే పేజీ. పైన పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం, మాకేం కావాలో. దాని కింద ఆ సభ్యుడి నియోజకవర్గంలో ఎంతమంది డయాలసిస్ మీదున్నారో. కింద ఫోన్ నంబరు. విశేషణం ఒక్కటి లేదు. మన వినతిపత్రాల్లో "తమరి దివ్య సముఖమునకు" దగ్గరే సగం పేజీ పోతుంది.

ఈ ఉద్యోగాలకి వచ్చేవాళ్లు చాలామంది లా గానీ పబ్లిక్ పాలసీ గానీ చదివి, కొన్నేళ్లు చట్టసభ సభ్యుల దగ్గరే పనిచేసి బయటికొచ్చినవాళ్లు. నిన్నటిదాకా లోపల కూర్చున్న మనిషి ఇవాళ బయటినుంచి తలుపు కొడితే త్వరగా తెరుస్తారు కదా. ఆ సౌకర్యమే ఈ వృత్తి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కూడా. మాజీ సెనేటర్లు రెండేళ్ల పాటు, కింది సభ మాజీ సభ్యులు ఏడాది పాటు చట్టసభలోని రెండు సభల్లో దేనికీ వెళ్లి లాబీయింగ్ చేయకూడదని అక్కడ నిబంధన పెట్టాల్సి వచ్చింది.

డయాలసిస్ మెషీను చట్టసభకి వెళ్లిన రోజు

కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకి చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. 1971 నవంబర్‌లో షెప్ గ్లేజర్ అనే కిడ్నీ రోగి, రోగుల సంఘం తరఫున అమెరికా చట్టసభ కమిటీ ముందుకొచ్చి, సభ్యులు చూస్తుండగానే మెషీనుకి రక్తనాళం తగిలించుకుని కొద్దిసేపు డయాలసిస్ చేయించుకున్నాడు. అప్పటికి ఆ వైద్యం డబ్బున్నవాళ్లకీ, అదృష్టం ఉన్నవాళ్లకీ మాత్రమే. 1972 అక్టోబర్ 30న నిక్సన్ సంతకం పెట్టిన చట్టంతో వయసుతో పనిలేకుండా కిడ్నీ పాడైన దాదాపు అందరికీ మెడికేర్ వర్తించింది.

ఆ ఒక్క దృశ్యమే చట్టం తెచ్చిందంటే అతిశయోక్తి. దాని వెనక డాక్టర్లు, రోగులు ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడు ఉంది. కానీ లాబీయింగ్ అంటే సూటుకేసులే అనుకునేవాళ్లకి ఇది గుర్తుచెయ్యాలి. దీనికి రెండో ముఖమూ ఉంది. ప్రభుత్వం డబ్బిస్తుందని తేలాక డయాలసిస్ పెద్ద కంపెనీల వ్యాపారమైంది. 2018లో ఆ కంపెనీల రాబడికి కళ్లెం వేసే ప్రతిపాదన కాలిఫోర్నియాలో ప్రజల ఓటుకి వస్తే, దాన్ని ఓడించడానికి కంపెనీలు పది కోట్ల డాలర్లకి పైగా గుమ్మరించాయి. ఓడించాయి కూడా. కొందరు కిడ్నీ డాక్టర్లకి ఆ సెంటర్లలో వాటాలుంటాయి, మరికొందరికి పర్యవేక్షణ ఫీజు అందుతుంది. అలాంటప్పుడు "మా రోగుల కోసం" అని డాక్టర్ల సంఘం అడిగితే ఆ రోగి వెనక ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి తొంగిచూడటం అక్కడి పత్రికలకి అలవాటైంది.

మన దగ్గర సంఘాలు ఏం సాధించాయి, ఏం సాధించలేదు

ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1928 నాటిది. స్పెషలిస్టు సంఘాలకీ మన దగ్గర కొదవలేదు. కానీ వాటికి పూర్తికాలం లాబీయిస్టులు అరుదు. సంఘం అధ్యక్షుడో కార్యదర్శో ఓపీ ముగించుకుని, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రాత్రి బండెక్కి, పొద్దున వెలగపూడి సచివాలయంలో కార్యదర్శి గది బయట కూర్చుంటాడు. జీతం తీసుకుని ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా కార్పొరేట్ ఆసుపత్రుల్లో, మందుల, పరికరాల కంపెనీల్లో ఉంటారు. వాళ్ల విజిటింగ్ కార్డు మీద లాబీ అన్న మాట ఉండదు, పబ్లిక్ పాలసీ అనో ప్రభుత్వ వ్యవహారాలు అనో ఉంటుంది.

2018 జనవరి 2న జాతీయ వైద్య కమిషన్ బిల్లుకి వ్యతిరేకంగా దేశమంతా ఓపీలు మూస్తే, అదే రోజు బిల్లుని పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపారు. ఆయుర్వేదం, హోమియో లాంటి ఆయుష్ వైద్యులు ఒక బ్రిడ్జి కోర్సు చేసి అల్లోపతి మందులు రాయొచ్చన్న నిబంధన మార్చికల్లా పోయింది. 2023 ఆగస్టు 2న డాక్టర్లు మందుల బ్రాండ్ పేర్లు కాకుండా జెనెరిక్ పేర్లే, అంటే మందు అసలు పేర్లే, రాయాలంటూ నిబంధనలొచ్చాయి. మూడు వారాలకే పక్కన పెట్టేశారు. నాణ్యతకి హామీ లేకుండా జెనెరిక్ రాయమంటే పూచీ ఎవరిదన్నది డాక్టర్ల వాదన, అందులో పస ఉంది. బ్రాండ్ల మోజు వల్ల రోగి జేబు చిల్లుపడుతోందన్నది రెండో వైపు వాదన, అందులోనూ ఉంది. ఏది నెగ్గిందో తెలుసు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడితే నెగ్గిందో చూపించే రికార్డు మాత్రం లేదు.

ప్రతిసారీ నెగ్గరు. గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద స్కానింగ్ కేంద్రాలు స్కాన్ చేసిన ప్రతి గర్భిణి వివరాలతో ఫారం ఎఫ్ నింపాలి. అందులో ఒక గడి ఖాళీ ఉన్నా క్రిమినల్ కేసేనా అని రేడియాలజిస్టులు 2016 సెప్టెంబర్ 1న స్కానింగులు ఆపారు. గైనకాలజిస్టుల సమాఖ్య సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2019 మేలో కోర్టు కొట్టేసింది. ఆ ఫారమే ఏకైక సాక్ష్యం, అది సరిగ్గా లేకపోతే ఆడపిల్లని కడుపులో చంపినవాణ్ణి పట్టుకునే దారే ఉండదన్నది కోర్టు మాటల సారం. గుమస్తా పొరపాటుకి డాక్టరుని బోనెక్కించడం అన్యాయమన్న బాధ నిజమైనదే కావచ్చు. కానీ సంఘం అడిగిన సడలింపు వల్ల నష్టపోయేవాళ్లు ఏ సంఘంలోనూ సభ్యులు కాలేరు, ఇంకా పుట్టనే లేదు మరి.

వైద్యసేవ బకాయిల లెక్క

ఇంటి దగ్గరి సంగతికి వద్దాం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగతా రెండు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది గానీ పద్ధతి స్థూలంగా అదే. నెట్‌వర్క్ ఆసుపత్రి ముందు అనుమతి తీసుకుని ఆపరేషన్ చేస్తుంది, క్లెయిమ్ పెడుతుంది, ట్రస్టు డబ్బిస్తుంది. ఇవ్వాల్సినప్పుడు ఇవ్వకపోవడమే పేచీ. 2025 అక్టోబర్‌లో సంఘం చెప్పిన బకాయి సుమారు 2,700 కోట్లు.

ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు కేవలం లెక్క కోసం. ఆపరేషన్ ప్యాకేజీ 30,000. ఆసుపత్రికి అయిన ఖర్చు 25,000. మిగులు 5,000. డబ్బు పది నెలలకి వచ్చింది, ఆ 25,000 ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చినది. వడ్డీ 2,500, సగం మిగులు హరీ. రెండింతలు ఆలస్యమైతే మొత్తం పోతుంది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి దీన్ని తట్టుకుంటుంది, విజయనగరంలో ముప్పై మంచాల ఆసుపత్రి తట్టుకోలేదు. వాళ్లు ఆపరేషన్లు వాయిదా వేస్తారు, లేదంటే ఎక్స్‌ట్రా అని చేతికింద అడుగుతారు. అలా అడగకూడదు. అయినా అడుగుతారని ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఓ గంట నిలబడ్డ ఎవరికైనా తెలుసు.

సాధారణంగా సంఘాల కోర్కెల జాబితాలో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి, విడదీసి చూడాలి. బకాయి ఇవ్వండి అన్నదాంట్లో రోగికీ ఆసుపత్రికీ లాభం ఒకటే. ప్యాకేజీ పెంచండి అన్నదాంట్లో కొంత ఒకటి, కొంత వేరు, ఎందుకంటే ఆ పెంచే డబ్బు ఏరియా ఆసుపత్రికి వెళ్లాల్సినదీ కావచ్చు. తనిఖీలు, జరిమానాలు తగ్గించండి అన్నదాంట్లో అసలు ఒకటి కాకపోవచ్చు. సమ్మె రోజున మూడూ ఒకే బ్యానరు కింద నడుస్తాయి.

ఇదీ ఇక్కడితో ఆగదు. చికిత్స విలువ రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, అది దాటితే ట్రస్టు భరించే పద్ధతికి 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది అమలైతే ఆసుపత్రుల మనుషులు వెలగపూడితో పాటు బీమా కంపెనీ గడపా తొక్కాలి.

రిజిస్టరు పెడితే ఏమవుతుంది

లాబీయింగుని చట్టబద్ధం చేసి చిట్టా రాయించాలని 2013లో బీజేడీ ఎంపీ కలికేశ్ సింగ్‌దేవ్ ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అంతకు ముందు ఏడాదే వాల్‌మార్ట్ భారత మార్కెట్ సహా పలు విషయాల మీద లాబీయింగుకి పెట్టిన ఖర్చు మీద పార్లమెంటు దద్దరిల్లింది. ఆ సంగతి మనకి తెలిసింది ఎలాగో చూడండి. అమెరికా రిజిస్టర్లో ఉంటే తెలిసింది.

రిజిస్టరు కావాలనేవాళ్లు చీకట్లో జరిగేది వెలుగులోకి వస్తుందంటారు. వద్దనేవాళ్లు డబ్బుతో మాటని కొనడానికి ముద్ర వేసినట్టవుతుందంటారు. అమెరికాలో అంత చిట్టా రాసినా డబ్బున్నవాడిదే పైచేయి అని చూపిస్తారు. రెండూ నిజాలే అనిపిస్తుంది నాకు. చిట్టా బలాబలాల్ని సరిచెయ్యదు, కనపడేలా చేస్తుంది. ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి సమాచార హక్కు కింద ఫైలు నోట్లు అడగడం, ముసాయిదా బిల్లుని ముప్పై రోజులు జనం ముందు పెట్టాలన్న 2014 నాటి కేంద్ర విధానం. రెండోది పాటించినప్పుడు పాటిస్తారు.

ఉద్దానం తరఫున

ఇదంతా విన్నాక పెద్దమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "మరి మన దిక్కు మాటాడ్డానికి ఎవుల్ని ఎట్టినారు?"

ఎవర్నీ పెట్టలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీలు పోతున్నాయని 1990ల నుంచే తెలుసు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో కిడ్నీ వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు లాంటివాళ్లు పరిశోధించారు, చెప్పారు. 2017లో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులతో కూర్చున్నాక రాష్ట్రమంతా విన్నది. డయాలసిస్ రోగులకి పింఛను వచ్చింది, అది నెలకి 10,000కి పెరిగింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న తెరిచారు. జెనెరిక్ నిబంధన ఆగడానికి మూడు వారాలు, ఇది రావడానికి ముప్పై ఏళ్లు. పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఉన్నదాన్ని ఆపించడం తేలిక, లేనిదాన్ని తెప్పించడం కష్టం. లాబీయిస్టులంతా మొదట నేర్చుకునేదీ అదేనట.

పక్కింటాయన కిడ్నీ పింఛను ఏడాదిగా తేలడం లేదు. పండగ వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు ఆయన రిపోర్టులన్నీ మంచం మీద పరిచి, తేదీల వారీగా పేర్చి, అర్జీ రాసింది. ఒకటే పేజీ. పైన ఒక్క వాక్యం, ఆయనకేం కావాలో. కింద కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకెలు, ఏ తేదీన ఎంతో. చివర ఫోన్ నంబరు. "దండాలు ఎట్టనేదేటమ్మా?" అని ఆయన అడిగితే, చివర్లో ఒక దండం చేర్చింది.

సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి వచ్చారు. కంప్యూటర్లో ఎక్కించి, ఎవరి తరఫున, దేని గురించి, ఏ తేదీన అన్నీ రాసి, నంబరు వేసి రసీదు చేతికిచ్చారు.